హౌస్ సర్జన్సీ పూర్తయింది, స్వయంగా ఒక్క వమనం కూడా చేయించలేదు: ఆయుర్వేద శిక్షణపై పెద్దల సలహా కోరుతున్నాను

నల్లేరు_తీగ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. గత నెలలో ఆయుర్వేద పట్టా బి.ఏ.ఎం.ఎస్. ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి, రాష్ట్ర బోర్డులో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం హౌస్ సర్జన్సీ కలిపి అయిదున్నర సంవత్సరాలు గడిచాయి. ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం సూత్రస్థానంలో ఏ శ్లోకం అడిగినా చెప్పగలను. వమనాన్ని (మందుతో వాంతి చేయించే శుద్ధి చికిత్సను) మాత్రం మొత్తం మీద రెండుసార్లు చూశాను. ఆ రెండుసార్లూ రోగి చుట్టూ పద్నాలుగు మంది నిలబడి ఉండగా వెనుక వరుసలోంచి, ముందున్నవారి భుజాల మీదుగా చూశాను. విరేచనం (మందుతో విరేచనాలు చేయించే శుద్ధి చికిత్స) కేస్ షీట్లు పన్నెండు రాశాను, కానీ విరేచనం జరిగిన రోజున ఒక్క రోగి దగ్గర కూడా ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చోలేదు. పంచకర్మ (అయిదు శుద్ధి చికిత్సల) విభాగంలో మాకు ఎక్కువగా దొరికినవి అభ్యంగం (నూనె మర్దన), శిరోధార (నుదుటి మీద ధార పోయడం), జానువస్తి (మోకాలి మీద నూనె నిలపడం) మాత్రమే.

ఊళ్లో క్లినిక్ కోసం నాన్నగారు గది చూసి అడ్వాన్సు కూడా ఇచ్చారు. బోర్డు మీద నా పేరు రాయించాలంటేనే చేయి ఆడడం లేదు. నాతో చదివినవారిలో సగం మంది అల్లోపతి నర్సింగ్ హోముల్లో రాత్రి డ్యూటీలకు వెళుతున్నారు. ఇది నా ఒక్కదాని లోపమా, మన శిక్షణలోనే లోపమా? ఇప్పుడు నేను ఏం చేయాలి?

విశ్రాంత_కాయచికిత్స

అమ్మా, ముందుగా ఒక మాట. చేయి ఆడడం లేదని బహిరంగంగా రాయడం మీలోని మంచి లక్షణం. ముప్పై ఒక్క సంవత్సరాలు పాఠం చెప్పిన మనిషిగా అంటున్నాను, ఆ బెరుకు లేకుండా కళాశాల దాటి వెళ్లిన విద్యార్థుల గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉండేది.

వైద్యుడికి ఉండవలసిన నాలుగు గుణాలను చరకుడు సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చెప్పాడు: శాస్త్రంలో స్పష్టమైన జ్ఞానం, అనేకసార్లు చికిత్సా కర్మను కళ్లారా చూసి ఉండడం, దక్షత, శుచి. అందులో రెండవదానికి ఆయన వాడిన మాట ‘బహుశో దృష్టకర్మతా’. ‘బహుశః’ అన్న పదాన్ని గమనించండి. రెండుసార్లు, అది కూడా వెనుక వరుసలోంచి చూడడం బహుశః కిందికి రాదు. సుశ్రుతుడు ఇంకా కఠినంగా మాట్లాడాడు. కేవలం శాస్త్రం తెలిసి కర్మలో అనుభవం లేనివాడు రోగి ఎదురైనప్పుడు యుద్ధానికి వచ్చిన పిరికివాడిలా దిక్కుతోచక నిలబడతాడని, శాస్త్రం తెలియకుండా కర్మ మాత్రమే తెలిసినవాడు కూడా పనికిరాడని, ఈ ఇద్దరూ ఒక్క రెక్క పక్షుల వంటివారని అన్నాడు. ఆ తరువాతే, వైద్యుడు రాజు అనుమతి పొంది వృత్తిలో ప్రవేశించాలని నియమం పెట్టాడు. మీరు చేయించుకున్న రిజిస్ట్రేషన్ ఆ రాజానుజ్ఞ వంటిదే. అయితే సుశ్రుతుడి వరుసలో అనుజ్ఞ చివరి మెట్టు. దానికి ముందు యోగ్య అనే అభ్యాసం ఉంది.

ఆ అభ్యాసాన్ని ఎంత వివరంగా చెప్పాడో మీకు తెలిసినదే, ఇతర సభ్యుల కోసం రాస్తున్నాను. కోత నేర్చుకోవడానికి సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ వంటివి. చీల్చి లోపలి ద్రవాన్ని బయటికి తీయడానికి నీరు నింపిన తోలుసంచి. సిరావేధానికి (సిరను గుచ్చడానికి) చనిపోయిన పశువుల సిరలు, కలువ కాడలు. కట్టు కట్టడానికి అవయవాలన్నీ అమర్చిన బొమ్మ మనిషి. ఇవన్నీ చేతికి అలవాటైన తరువాతనే రోగి దగ్గరకు రానిచ్చారు.

లోపం మీ ఒక్కరిదా అని అడిగారు. కాదు. 2016 నాటి కనీస ప్రమాణాల ప్రకారం అరవై సీట్ల కళాశాలకు అరవై పడకల ఆసుపత్రి, రోజుకు సగటున 120 మంది ఓ.పి. రోగులు, నలభై శాతం పడకల నిండుదల ఉండాలని ఉండేది. కాగితం మీద ఈ అంకెలన్నీ నిండిన కళాశాలల్లో కూడా, తనిఖీ రోజున తప్ప మిగతా రోజుల్లో వార్డులో దీపం వేసే అవసరం రాని చోట్లు నేను చూశాను. పేర్లు రాయను. పడకలో రోగి లేనప్పుడు విద్యార్థికి దృష్టకర్మత ఎక్కడ నుంచి వస్తుంది?

గుంటూరు_ఎండీ

నేను ఆధునిక వైద్యుడిని. ఈ వేదికలో చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు, కానీ రాత్రి డ్యూటీల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పవలసి వస్తున్నది.

నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక ఆసుపత్రిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా ఐ.సి.యు. బాధ్యత ఒక యువ ఆయుర్వేద పట్టభద్రుడిది. తెలివైనవాడు, మర్యాదస్తుడు. అతడికి ఎవరూ ఏదీ పద్ధతిగా నేర్పలేదు. ఫోన్‌లో మేము చెప్పింది రాసుకుని చేసేవాడు. జీతం తక్కువ ఇవ్వవచ్చునన్న ఒక్క కారణంతో యాజమాన్యం అతడిని అక్కడ నిలబెట్టింది. ఏదైనా జరిగితే చట్టం ముందు నిలబడవలసినవాడు కూడా అతడే. 1996లో పూనమ్ వర్మ కేసులో, తాను చదవని వైద్య పద్ధతిలో మందులు ఇవ్వడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు చెప్పింది. 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో, సంబంధిత రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన మేరకే భారతీయ వైద్య పద్ధతుల వారు ఆధునిక మందులు రాయవచ్చునని తేల్చింది. ఈ రెండు తీర్పులను హౌస్ సర్జన్సీ మొదటి వారంలోనే పిల్లలకు చదివి వినిపించాలి. నల్లేరు_తీగ గారూ, ఆ దారిలోకి వెళ్లకండి. అక్కడ మీ శాస్త్రమూ రాదు, మా శాస్త్రమూ రాదు.

పుత్తూరు_వైపు

మాది నాలుగు తరాలుగా ఎముకల కట్టు కట్టే ఇల్లు. పుత్తూరు కట్టు పేరు విననివారు తెలుగునాట అరుదు. మా తాతగారు చదివింది అయిదవ తరగతి. విరిగిన చేతిని పట్టుకుని, కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి, విరుపు ఏ వైపు జరిగిందో చెప్పేవారు. మీ వేదికలో పట్టా లేనివారంతా నకిలీ వైద్యులన్న ధోరణి తరచుగా కనిపిస్తుంది. అయిదున్నర సంవత్సరాలు చదివినవారు చేయి ఆడడం లేదంటున్నప్పుడు, పదేళ్ల వయసు నుంచి తాతగారి పక్కన కూర్చుని నేర్చుకున్న మమ్మల్ని ఏ ప్రమాణంతో తప్పంటారు? ఆవేశంతో కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

విశ్రాంత_కాయచికిత్స

పుత్తూరు_వైపు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. మీ తాతగారి వేళ్లకు ఉన్న జ్ఞానం నా వేళ్లకు లేదు, ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. మన ఊళ్లలో ‘హస్తవాసి’ అని దేన్ని అంటారో అది దైవదత్తం కాదు. వేల మంది రోగులను తాకగా వచ్చిన దృష్టకర్మత.

అయితే చట్టం ఏ వైపు ఉందో కూడా చెప్పాలి. గుర్తింపు పొందిన అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా పరంపర ఆధారంగా వైద్య వృత్తి చేయడానికి వీలులేదని 2018 ఏప్రిల్‌లో కేరళ పరంపరాగత వైద్యుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నాకు ఆ తీర్పులో కనిపించే న్యాయం ఇది: మీ తాతగారి వంటి వారికి, నిన్న బోర్డు పెట్టుకున్నవాడికి మధ్య తేడాను రోగి ఎలా తెలుసుకోగలడు? తెలుసుకోలేడు. ఆ తేడాను రోగి తరఫున ఎవరో ఒకరు పరీక్షించి చెప్పాలి. ఇంకొక మాట. ఎముక విరిగి చర్మం చీలినప్పుడు, కట్టు కింద వేళ్లు చల్లబడి నల్లబడుతున్నప్పుడు, ఏ గంటలో రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో తెలియడం కూడా ప్రమాణంలో భాగమే. మీ తాతగారు అలా పంపేవారా?

పుత్తూరు_వైపు

పంపేవారు. తోలు చీలితే ముట్టేవారు కాదు. కట్టు కట్టిన మరుసటి రోజు ఉదయమే ఇంటికి రప్పించి గోరు నొక్కి, రంగు తిరిగి వస్తున్నదా లేదా అని చూసేవారు. ఇప్పుడు కట్టు కడుతున్నవారిలో ఎంతమంది అలా చూస్తున్నారని మీరు అడిగితే మాత్రం నా దగ్గర సమాధానం లేదు. నా కూతురు నీట్ రాసింది, బి.ఏ.ఎం.ఎస్.లో చేరాలని ఉంది. తాతగారి విద్య, ఆ పట్టా రెండూ ఒకే చేతిలో ఉండాలని మా ఇంట్లో అందరి కోరిక.

రోగి_కుమారుడు

ఈ చర్చ చదువుతూ ఉంటే రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మకు అరవై రెండేళ్లు. మధుమేహం ఉంది, రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నది. కీళ్ల నొప్పులకని నగరంలో ఒక పంచకర్మ కేంద్రానికి తీసుకువెళ్లాము. గోడ మీద వైద్యుడి పట్టా పటం కట్టి ఉంది; ఆయన వారానికి ఒకసారి వస్తారని తరువాత తెలిసింది. మేము వెళ్లిన రోజున తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయి పేరు, వయసు, ఎంచుకున్న ప్యాకేజీ రాసుకుంది. అమ్మ వాడుతున్న మందుల సంగతి ఎవరూ అడగలేదు. రెండు రోజులు మర్దన చేసి, మూడవ రోజు ఉదయం ఒక గ్లాసులో ఆముదం కలిపి ఇచ్చి ఇంటికి పంపేశారు. ‘సాయంత్రానికి తేలికవుతుంది, పెరుగన్నం పెట్టండి’ అన్నారు. మధ్యాహ్నానికి పద్నాలుగు విరేచనాలయ్యాయి. అమ్మ మాట తడబడింది. ఆసుపత్రిలో సోడియం బాగా పడిపోయిందని చెప్పి రెండు రోజులు ఐ.సి.యు.లో ఉంచారు.

నాకు ఆయుర్వేదం మీద కోపం లేదు. మా నాయనమ్మ మాకు వాము, శొంఠి పెట్టి పెంచింది. కానీ అమ్మకు జరిగినది ఆయుర్వేదమేనా అని అడగడానికి నాకు ఇన్నాళ్లూ ఎవరూ దొరకలేదు.

విశ్రాంత_కాయచికిత్స

అయ్యా, మీ అమ్మగారు కోలుకున్నారని ఆశిస్తున్నాను. మీకు సూటిగా సమాధానం చెబుతాను: అది ఆయుర్వేదం కాదు. ఎందుకు కాదో వివరంగా రాస్తాను, నల్లేరు_తీగ కూడా దీన్ని శ్రద్ధగా చదవాలి.

విరేచనం అంటే ఆముదం తాగించడం కాదు. ముందు రోగికి శోధనం (శుద్ధి చికిత్స) తట్టుకునే బలం ఉందా, జఠరాగ్ని ఎలా ఉంది, కోష్ఠం (పేగుల స్వభావం) మృదువా క్రూరమా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి చూడాలి. మూత్రం పోయే మాత్ర వాడుతున్న మధుమేహ రోగి అయితే సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించకుండా ముందుకు వెళ్లకూడదు. చాలా సందర్భాల్లో అక్కడే ఆగిపోయి, శోధనం లేకుండా మందులతో తగ్గించే శమన చికిత్సతో సరిపెట్టుకోవాలి. అర్హత ఉందని తేలితే దీపన పాచనాలు (ఆకలి, జీర్ణశక్తి పెంచే మందులు), ఆ తరువాత స్నేహపానం (ఔషధ నెయ్యి తాగించడం). ఔషధ ఘృతాన్ని మొదటి రోజు తక్కువ మోతాదులో ఇచ్చి, అది ఎన్ని గంటల్లో జీర్ణమైందో చూసి, రోజురోజుకూ పెంచుతూ, మూడు నుంచి ఏడు రోజుల లోపల సమ్యక్ స్నిగ్ధ లక్షణాలు (నెయ్యి శరీరానికి తగినంత పట్టిన గుర్తులు) కనిపించే దాకా ఇస్తాము. చర్మం నునుపు తేరిందా, మలంలో జిడ్డు కనిపించిందా, నేతి వాసన సహించకుండా పోయిందా అని ప్రతి ఉదయం వైద్యుడే స్వయంగా చూడాలి. తరువాత మూడు రోజుల అభ్యంగ స్వేదాలు (మర్దన, చెమట పట్టించడం). ఆ పైన విరేచన ఔషధం.

ఆ రోజు ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. నేను పీజీలో ఉన్నప్పుడు మా గురువుగారు రోగి మంచం పక్కన ఒక స్టూలు వేయించి, చేతికి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టారు. ఉదయం తొమ్మిదిన్నరకు తెగడ లేహ్యం ఇచ్చాము. ప్రతి వేగానికీ (అంటే ప్రతి విరేచనానికీ) సమయం, రంగు, పరిమాణం రాయాలి. గంటకొకసారి నాడి, రక్తపోటు రాయాలి. గోరువెచ్చని నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగించాలి. మొదటి రెండు మూడు వేగాల్లో మలం, ఆ తరువాత పసుపు పచ్చగా పిత్తం, చివరికి తెల్లని జిగట కఫం వస్తుంది. ‘కఫాంతం విరేచనం’ అన్న వాక్యాన్ని తరగతిలో వందసార్లు విన్నాను గాని, సాయంత్రం నాలుగున్నరకు ఆ కఫాన్ని కంటితో చూసినప్పుడు గాని దాని అర్థం నాకు తెలియలేదు. ఆ రోజు పద్దెనిమిది వేగాలయ్యాయి. రోగి అలసిపోయాడు గాని కళ్లలో తేటదనం ఉంది. పద్దెనిమిది అంకెను చూసి భయపడనక్కర్లేదని, కళ్లు, నాలుక, నాడి చూడాలని ఆ సాయంత్రమే గురువుగారు నాకు చూపించారు.

మరునాటి నుంచి సంసర్జన క్రమం. పలచని జావతో మొదలుపెట్టి, చిక్కని జావ, పెసరకట్టు, ఆ తరువాత అన్నం. శుద్ధి స్థాయిని బట్టి మూడు, అయిదు లేదా ఏడు రోజులు. ఆ రోజే పెరుగన్నం పెట్టమన్నవారికి విరేచనం అన్న మాట పలకడానికి కూడా అర్హత లేదు.

గుంటూరు_ఎండీ

మీరు రాసిన పర్యవేక్షణ పద్ధతి చదివాను. గంటకొకసారి చార్టు రాసే వార్డులు మా వైపు కూడా అన్ని చోట్లా లేవు. రోగి_కుమారుడు గారికి ఒక్క మాట: ఆ మూత్రం మాత్ర వివరాలు అమ్మగారి పర్సులో ఒక చీటీ మీద రాసి ఉంచండి, ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా అడగకపోయినా చూపించండి.

రసశాల_నాణ్యత

వైద్యుల శిక్షణ గురించే అందరూ రాశారు. మందు మాటేమిటి? నేను ఒక ఆయుర్వేద మందుల తయారీ సంస్థలో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. వైద్యుడు ఎంత దక్షుడైనా చేతిలో ఉన్న భస్మం (లోహాన్ని కాల్చి చేసిన పొడి మందు) సరైనది కాకపోతే ఫలితం లేదు.

తామ్ర (రాగి) భస్మం ఒక విడత పూర్తయ్యాక, చిటికెడు తీసి పుల్లపెరుగులో వేసి పక్కన పెడతాము. గంటలు గడిచాక పెరుగుకు ఆకుపచ్చ ఛాయ వచ్చిందంటే లోహం ఇంకా పూర్తిగా భస్మం కాలేదని అర్థం, మళ్లీ పుటం పెట్టాలి (కాల్చాలి). వేళ్ల మధ్య రుద్దితే గీతల్లోకి దూరాలి, నిలకడ నీటి మీద చల్లితే తేలాలి. ఇవి గ్రంథాలు చెప్పిన పరీక్షలు, నేటికీ చేస్తున్నాము. వీటి తరువాత ప్రయోగశాల పరీక్షలు ఉంటాయి. లోహాలు చేరని కేవల మూలికా మందుల్లో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) దాటకూడదు. ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ టి (మంచి తయారీ పద్ధతుల నియమాలు) ప్రకారం తయారీశాల నడవాలి.

మన తెలుగువారికి గర్వకారణమైన విషయం ఒకటి: 1940 నాటి ఔషధ చట్టం మొదటి షెడ్యూలులో ప్రామాణిక గ్రంథాల జాబితా ఉంది, అందులో మన బసవరాజీయం కూడా ఉంది. అందులోని యోగం ప్రకారం చేశామని లేబుల్ మీద రాసే సంస్థ ఆ గ్రంథానికి జవాబుదారీ. కానీ నేను కలిసిన యువ వైద్యుల్లో చాలామందికి లేబుల్ చదవడం నేర్పలేదు. బ్యాచ్ సంఖ్య, తయారీ లైసెన్సు సంఖ్య, గ్రంథం పేరు చూడకుండా, ప్రతినిధి ఇచ్చిన పుస్తకంలోంచి మందులు రాస్తున్నారు. రోగికి వికారం గాని దద్దుర్లు గాని వస్తే దాన్ని నివేదించే వ్యవస్థ ఆయుష్ మందులకు కూడా ఉందని, దాని జాతీయ సమన్వయ కేంద్రం ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ అని ఎంతమందికి తెలుసు?

డల్లాస్_తెలుగు

రసశాల గారు చెప్పినదానికి ఇక్కడి నుంచి ఒక మాట. 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన పరిశోధనలో, బోస్టన్ పరిసరాల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. ఇరవై ఏళ్లు దాటినా ఇక్కడి వైద్యులు నన్ను మొదట అడిగేది దాని గురించే.

నేను విజయవాడలో చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. అమెరికాలో ఏ రాష్ట్రమూ ఆయుర్వేద వైద్యానికి లైసెన్సు ఇవ్వదు. అయిదున్నర ఏళ్ల చదువు ఉన్న నేను, వారాంతపు తరగతులకు హాజరైన మరొకరు చట్టం దృష్టిలో ఒకటే. జాతీయ ఆయుర్వేద వైద్య సంఘం వంటి వృత్తి సంఘాలు కౌన్సిలర్, ప్రాక్టీషనర్, డాక్టర్ అనే మూడు స్థాయిలు ఏర్పరచి, ప్రతి స్థాయికీ చదువు, రోగులను చూసిన అనుభవం నిర్ణయించాయి. అవి స్వచ్ఛందమైనవే. కాలిఫోర్నియాలో 2002 నాటి చట్టం ప్రకారం, తాను లైసెన్సు ఉన్న వైద్యుడిని కాదని రోగికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మొదటిసారి అలాంటి కాగితం చదివినప్పుడు బాధ కలిగింది. తరువాత ఆలోచిస్తే, మన ఊళ్లలో ఇలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే రోగి_కుమారుడు గారు ఆ కేంద్రం తలుపు దగ్గరే వెనక్కి తిరిగేవారు కదా అనిపించింది.

రెండవ_ప్రొఫెషనల్

నేను ప్రస్తుతం చదువుతున్న విద్యార్థిని. కొన్ని మార్పులు జరుగుతున్నాయని మాత్రం చెప్పాలి. 2020 చట్టంతో, 2021 జూన్ నుంచి ఆయుర్వేద విద్యను నియంత్రించిన పాత కేంద్ర మండలి స్థానంలో భారతీయ వైద్య పద్ధతి జాతీయ కమిషన్ వచ్చింది. మాకు ఇప్పుడు పద్దెనిమిది నెలల చొప్పున మూడు ప్రొఫెషనల్స్ (చదువు దశలు), ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. లైసెన్సుకు ముందు జాతీయ నిష్క్రమణ పరీక్ష రాయాలని చట్టంలోనే ఉంది.

అయితే మా సీనియర్లు అప్పుడే ఆ పరీక్షకు కోచింగ్ పుస్తకాలు కొంటున్నారు. బహుళైచ్ఛిక ప్రశ్నలకు గుర్తులు పెట్టే పరీక్ష నా చేతిని పరీక్షించగలదా అన్నది నా అనుమానం.

విశ్రాంత_కాయచికిత్స

మీ అనుమానంలో బలం ఉంది. పీజీ శల్య (శస్త్రచికిత్స), శాలాక్య (కన్ను, చెవి, ముక్కు, గొంతు) విద్యార్థులకు 58 శస్త్రకర్మల జాబితాను 2020 నవంబరులో ప్రకటించినప్పుడు, డిసెంబరు 11న ఆధునిక వైద్యుల భారత వైద్య సంఘం దేశవ్యాప్తంగా నిరసన తెలిపింది. మనవాళ్లు హక్కు గురించి, వాళ్లు అనర్హత గురించి మాట్లాడారు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క కర్మను ఎన్నిసార్లు చూసి, ఎన్నిసార్లు సహాయపడి, ఎన్నిసార్లు గురువు సమక్షంలో చేయాలన్న లెక్కను ఇరువైపులా అడిగినవారు నాకు చాలా తక్కువగా కనిపించారు. నా దృష్టిలో ప్రమాణం అంటే ఆ లెక్కే. ఆ లెక్క రాసిన పుస్తకం, ప్రతి పేజీ కింద గురువు సంతకం, ఆ సంతకం అబద్ధమని తేలితే గురువు రిజిస్ట్రేషన్ మీద చర్య. ఈ మూడూ ఉన్న రోజున నిష్క్రమణ పరీక్షకు కూడా అర్థం ఉంటుంది.

నల్లేరు_తీగ

అందరికీ కృతజ్ఞతలు. రోగి_కుమారుడు గారు రాసినది మూడుసార్లు చదివాను. ఆ కేంద్రంలో పటం కట్టిన పట్టా రేపు నాది కూడా కావచ్చునన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు. రెండు ప్యాకేజీ కేంద్రాలు నన్ను ఇప్పటికే అడిగాయి. వారానికి ఒక పూట వచ్చి సంతకం చేస్తే చాలన్నాయి. ఈ ఉదయం రెండింటికీ కుదరదని చెప్పాను.

నాన్నగారితో మాట్లాడాను. గది అడ్వాన్సు వెనక్కి రాదట, అయినా ఫరవాలేదన్నారు. ఒక సంవత్సరం పాటు, రోగులు నిజంగా పడకల మీద ఉండే ఆసుపత్రిలో ఎవరి దగ్గరైనా కూర్చుని నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. విశ్రాంత_కాయచికిత్స గారూ, జీతం గురించి నాకు ఆలోచన లేదు. మీకు తెలిసినవారెవరైనా ఉంటే చెప్పగలరా?

విశ్రాంత_కాయచికిత్స

అమ్మా, నా పాత విద్యార్థి ఒకరు ఇరవై పడకల ఆసుపత్రి నడుపుతున్నారు. ఈ రోజు ఆయనతో మాట్లాడాను. వ్యక్తిగత సందేశంలో వివరాలు పంపాను. వచ్చే సోమవారం అక్కడ ఒక సోరియాసిస్ రోగికి స్నేహపానం మొదలవుతున్నది, అంటే మరుసటి వారంలో వమనం ఉంటుంది. సోమవారం ఉదయం ఏడు గంటలకే వెళ్లండి, మొదటి మోతాదు నుంచి చూడవచ్చు. గీతల పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి తీసుకువెళ్లండి. వమనం రోజున ముందు వరుసలో నిలబడనివ్వమని ఆయనతో చెప్పాను.